బిల్లులో చేరిన సర్వీస్ చార్జి సర్వరు చేతికి చేరుతోందా?

వెయ్యి రూపాయల భోజనానికి 1,155 రూపాయల బిల్లు ఎలా అవుతుందో ఒకసారి లెక్క వేసి చూస్తే, హోటళ్లు బిల్లులో కలిపే సర్వీస్ చార్జి మీద నడుస్తున్న వివాదంలో సగం అర్థమవుతుంది. వంటకాల ధర 1,000. దాని కింద పది శాతం చొప్పున సర్వీస్ చార్జి 100. ఈ రెండూ కలిపిన 1,100 మీద అయిదు శాతం జీఎస్‌టీ, అంటే కేంద్రానికి 27.50, రాష్ట్రానికి 27.50, మొత్తం 55. సర్వీస్ చార్జి వేయకుండా ఉంటే ఇదే భోజనానికి 1,050 కడితే సరిపోయేది. అదనంగా పోయిన 105 రూపాయల్లో అయిదు రూపాయలు ప్రభుత్వానికి వెళ్లాయని బిల్లు చూసి చెప్పవచ్చు. మిగిలిన వంద రూపాయలు ఎవరికి వెళ్లాయో ఏ బిల్లూ చెప్పదు. వడ్డించిన మనిషికి వెళ్లి ఉంటాయని కట్టినవారు అనుకుంటారు, ఆ నమ్మకంతోనే చాలామంది అభ్యంతరం చెప్పకుండా కట్టేసి, బల్ల మీద విడిగా ఏమీ పెట్టకుండా లేచి వెళతారు. ఆ నమ్మకానికి చట్టంలో ఎంత ఆధారం ఉందో చూడడం అవసరం, ఎందుకంటే ఇప్పటివరకు కోర్టుల్లోనూ బయటా జరిగిన వాదన అంతా వినియోగదారుడికీ యజమానికీ మధ్య నడిచింది, సర్వరు అందులో పేరుకు మాత్రమే కనిపించాడు.

బరంపురం, గోపాలపూర్, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం: 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయిన ఈ ప్రాంతాల హోటళ్లలో తెలుగువారు కౌంటరుకు రెండు పక్కలా ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి పని మీదో, పెళ్లిళ్లకో, సముద్రతీరం చూడడానికో వెళ్లేవారు తినేవారైతే, వారికి తెలుగులోనే ఆర్డరు రాసుకుని వడ్డించేవారిలోనూ ఇటువైపు కుటుంబాలవారు కనిపిస్తారు. ఇక్కడి టిఫిన్ హోటళ్లలో, భోజనం మెస్సుల్లో సర్వీస్ చార్జి అనే మాటే వినపడదు. వాటిలో చిన్నవాటికి ఏడాది వ్యాపారం 20 లక్షల లోపే కాబట్టి జీఎస్‌టీ నమోదు కూడా అవసరం ఉండదు. కోటిన్నర లోపు వ్యాపారానికి ఉన్న కాంపోజిషన్ పద్ధతిని ఎంచుకున్న హోటలైతే పన్ను తన చేతి నుంచి కట్టుకోవాలి తప్ప వినియోగదారుడి దగ్గర వసూలు చేయకూడదు, ఆ సంగతి బిల్లు మీద రాసి ఉండాలి కూడా. అలాంటి హోటలు జీఎస్‌టీ పేరుతో అయిదు శాతం కలిపితే అది సర్వీస్ చార్జి కన్నా పెద్ద తప్పు. సర్వీస్ చార్జి సమస్య ప్రధానంగా కనిపించేది తీరంలోని రిసార్టుల్లో, లాడ్జీలకు అనుబంధంగా నడిచే ఏసీ రెస్టారెంట్లలో, ఫంక్షన్లకు ప్లేటు లెక్కన మాట్లాడుకునే పెద్ద విందుల్లో. విందుల్లో ఇది మరీ పెద్ద మొత్తం అవుతుంది. ప్లేటు 600 చొప్పున మూడు వందల మందికి మాట్లాడుకున్న భోజనాల మీద పది శాతమంటే 18,000 రూపాయలు. ఆ రాత్రి వడ్డించిన కుర్రాళ్లు చాలాసార్లు రోజు కూలికి వచ్చినవారే, హోటలు హాజరు పట్టీలో వారి పేర్లే ఉండవు.

చట్టం ఏం చెబుతోందన్నది మొదట చూడాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2017 ఏప్రిల్‌లోనే సర్వీస్ చార్జి ఇవ్వడం వినియోగదారుడి ఇష్టమని మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, 2022 జూలై 4న మరింత గట్టి మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి ప్రకారం హోటలు గానీ రెస్టారెంటు గానీ సర్వీస్ చార్జిని తనంతట తాను బిల్లులో కలపకూడదు, మరో పేరు పెట్టి వసూలు చేయకూడదు, కట్టనన్నవారిని లోపలికి రానివ్వకపోవడమో వడ్డించకపోవడమో చేయకూడదు, దాన్ని బిల్లులో చేర్చి ఆ మొత్తం మీద జీఎస్‌టీ వేయకూడదు. రెస్టారెంట్ల జాతీయ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లగా అదే నెల 20న వీటి అమలుపై స్టే వచ్చింది. దాదాపు మూడేళ్ల తర్వాత, 2025 మార్చి 28న, జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఆ పిటిషన్లను కొట్టివేసి మార్గదర్శకాలు చెల్లుతాయని తీర్పు ఇచ్చారు. తప్పనిసరి వసూలు అనుచిత వ్యాపార పద్ధతి అని, పన్నుగా పొరబడేలా వినియోగదారుణ్ణి అది తప్పుదారి పట్టిస్తుందని అందులో స్పష్టంగా ఉంది. పిటిషన్లు వేసిన సంఘాలు ఒక్కొక్కటి లక్ష రూపాయల చొప్పున వినియోగదారుల సంక్షేమానికి కట్టాలని కూడా ఆదేశించారు. సంఘాలు ఆ తీర్పుపై డివిజన్ బెంచికి అప్పీలు చేశాయి. మార్గదర్శకాలు దేశమంతటికీ ఇచ్చినవి కాబట్టి ఢిల్లీ రెస్టారెంటుకు వర్తించేది బరంపురం రెస్టారెంటుకూ వర్తిస్తుంది.

ఈ తీర్పు అవసరమైనదే, న్యాయమైనదే. అయితే అది తేల్చింది ఒక్క ప్రశ్నను: వినియోగదారుడి నుంచి బలవంతంగా తీసుకోవచ్చా అన్నది. తీసుకున్న సొమ్ము ఎవరిది అన్న రెండో ప్రశ్న అలాగే మిగిలిపోయింది. రెస్టారెంట్ల వాదనలో బలమైన అంశం ఈ రెండో ప్రశ్న దగ్గరే ఉంది. టిప్పు అయితే బల్ల దగ్గర నిలబడిన సర్వరు ఒక్కడికే దక్కుతుందని, సర్వీస్ చార్జి అయితే లోపల వంట మాస్టరు, కూరగాయలు తరిగేవారు, గిన్నెలు తోమేవారు, బల్లలు తుడిచే క్లీనరు కుర్రాడు కూడా వాటా పొందుతారని వారు చెబుతారు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. పొయ్యి దగ్గర చెమటోడ్చే మనిషి ముఖం ఏ అతిథికీ కనపడదు, ఆయన చేతికి ఎవరూ పది రూపాయలు పెట్టరు. కానీ అందరికీ పంచుతున్నామన్నది నిజమైతే పంచిన లెక్క చూపించడంలో ఇబ్బంది ఏముంటుంది? ఏ నెలలో ఎంత వసూలైంది, ఎంతమందికి ఎంతెంత వెళ్లింది అన్నది సిబ్బందికైనా చూపించాలని మన చట్టాల్లో ఎక్కడా లేదు. అందుకే ఈ వాదన యజమాని మాట మీద నమ్మకంగానే ఉండిపోతోంది.

పెద్ద హోటళ్లలో పంపకానికి పాయింట్ల పద్ధతి ఉంది. ఒక్కో హోదాకు కొన్ని పాయింట్లు ఇచ్చి, నెలలో వసూలైన మొత్తాన్ని మొత్తం పాయింట్లతో భాగించి, ఎవరి పాయింట్ల కొద్దీ వారికి ఇస్తారు. చదవడానికి సక్రమంగానే ఉంటుంది. చిక్కంతా రెండు చోట్ల వస్తుంది. ఒకటి, పంచవలసిన మొత్తం ఎంతన్నది నిర్ణయించేది యాజమాన్యమే. పగిలిన ప్లేట్లు, గ్లాసుల పేరిట కొంత, కార్డు కంపెనీల రుసుము పేరిట కొంత ముందే తీసేసి మిగిలింది పంపకానికి పెట్టినా, ఆ తీసివేతను ప్రశ్నించే ఆధారం సర్వరు దగ్గర ఉండదు. వేతనం నుంచి నష్టపరిహారం కోయాలంటే ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందని తేలాలి, ఆయనకు తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అని 1936 నాటి వేతన చెల్లింపు చట్టం చెప్పింది, 2025లో దాని స్థానంలోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది, కానీ ఆ రక్షణ వేతనానికే. రెండోది, పాయింట్లు ఎవరెవరికి ఉన్నాయన్నది. మేనేజర్లు కూడా అందులో భాగస్వాములైతే, హోదాను బట్టి ఎక్కువ పాయింట్లు వారికే వెళితే, వడ్డించినవారి పేరు మీద వసూలు చేసిన సొమ్ములో పెద్ద వాటా వడ్డించనివారికి చేరుతుంది. సరిహద్దు పట్టణాల మధ్యతరహా రెస్టారెంట్ల స్థాయికి వస్తే ఈ పాయింట్ల పద్ధతి కూడా ఆశించలేం. అక్కడ సర్వీస్ చార్జి రోజు రాబడిలో కలిసి గల్లా పెట్టెలోకి వెళుతుంది, ఆ పైన పండగకో పబ్బానికో యజమాని ఇచ్చిందే వాటా.

టిప్పు విషయంలో సుప్రీంకోర్టు 2016లో ఐటీసీ కేసులో ఇచ్చిన తీర్పు ఇక్కడ చాలా ముఖ్యం. అది ఆదాయపు పన్ను కేసు. అతిథులు కార్డు మీద ఇచ్చిన టిప్పులను హోటలు తర్వాత సిబ్బందికి పంచినప్పుడు, దాన్ని జీతంగా భావించి హోటలు పన్ను మినహాయించాలా అన్నది అక్కడి ప్రశ్న. అది జీతం కాదని కోర్టు తేల్చింది. ఆ సొమ్ము యజమానిది కాదని, సిబ్బంది కోసం ధర్మకర్త హోదాలో మాత్రమే హోటలు దాన్ని తన దగ్గర ఉంచుకుంటుందని వివరించింది. సిబ్బంది చేతికి అందాక అది వారి ఇతర ఆదాయంగా లెక్కకు వస్తుంది. పన్ను సందర్భంలో చెప్పిన మాటే అయినా ఇందులోని తర్కం స్పష్టంగా ఉంది: అతిథి సర్వరుకు ఇచ్చింది దారిలో హోటలు ఖాతా గుండా వెళ్లినంత మాత్రాన హోటలుది అయిపోదు.

బిల్లులో కలిపిన సర్వీస్ చార్జిని లెక్కల పుస్తకాల్లో చూసే తీరు దీనికి పూర్తిగా వేరు. అది హోటలు అందించిన సేవ విలువలో భాగమైపోతుంది, అందుకే దాని మీద జీఎస్‌టీ పడుతోంది. పన్ను శాఖ దృష్టిలో అది యజమాని రాబడి. మరోవైపు, సర్వీస్ చార్జి నుంచి సిబ్బందికి వెళ్లే వాటా ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పాత చట్టం ప్రకారం వేతనం కిందికి రాదని సుప్రీంకోర్టు ఇంకో కేసులో తేల్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సర్వరు ఎంత ఇరుకున పడ్డాడో తెలుస్తుంది. వసూలు చేసేటప్పుడు అది యజమాని ఆదాయం, పంచేటప్పుడు వేతనం కానిది. పంచకపోతే వేతనం ఎగ్గొట్టారని ఫిర్యాదు చేయడానికి వీల్లేదు. పంచితే, ఆ తీర్పు ప్రకారం దాని మీద ఈఎస్‌ఐ చందా కట్టనక్కర్లేదు కాబట్టి, తక్కువ మూలవేతనం పెట్టి మిగతాది సర్వీస్ చార్జి నుంచి వస్తుందిలే అని ఉద్యోగంలోకి తీసుకునే పద్ధతి యజమానికి లాభంగా ఉంటుంది. సర్వరుకు జబ్బు చేసి పనికి రాలేని రోజుల్లో వచ్చే ఈఎస్‌ఐ నగదు ప్రయోజనం ఆ తక్కువ వేతనం మీదే లెక్క కడతారు.

ఇప్పుడు ఇంకో మార్పు వచ్చింది, దీన్ని చట్టం ఇంకా గుర్తించనే లేదు. పదేళ్ల కిందటి వరకు ఈ పట్టణాల్లో టిప్పు అంటే సోంపు పళ్లెంలో మిగిలే చిల్లర. 182 రూపాయల బిల్లుకు రెండు వందల నోటు ఇస్తే ఆ పళ్లెంలో సోంపు, పటికబెల్లం ముక్కల పక్కన పద్దెనిమిది రూపాయలు తిరిగి వచ్చేవి. అతిథి వాటిలో పది రూపాయల నోటు మాత్రం తీసుకుని మిగతా నాణేలు వదిలేసేవాడు, సర్వరు పళ్లెం ఎత్తుతూనే వాటిని చొక్కా జేబులో వేసుకునేవాడు. రోజుకు ఇరవై ముప్పై బల్లల దగ్గర ఇలా పోగైన చిల్లరతో సాయంత్రం బస్సు చార్జీలు, కూరగాయలు గడిచిపోయేవి. ఇప్పుడు బిల్లుతో పాటు క్యూఆర్ కోడు అతికించిన అట్ట వస్తుంది. 182కు సరిగ్గా 182 కొట్టేస్తారు, కౌంటరు దగ్గరున్న పెట్టె ఆ మొత్తాన్ని పైకి చదువుతుంది, చిల్లర అన్నదే పుట్టదు. మంచి మనసుతో ఎవరైనా ఇరవై రూపాయలు కలిపి 202 పంపినా అది యజమాని బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఆ ఇరవై తనకోసం వచ్చిందని సర్వరుకు తెలియకపోవచ్చు, తెలిసినా రాత్రి లెక్కలు చూసేటప్పుడు అడగడానికి నోరు రాదు. 2016 తీర్పులోని తర్కం ప్రకారం అది నిస్సందేహంగా సర్వరు సొమ్ము, యజమాని కేవలం ధర్మకర్త. అయినా ఏ బల్ల దగ్గర ఎవరు ఎంత ఎక్కువ ఇచ్చారో రాసి ఉంచే రెస్టారెంటు అరుదు. సర్వీస్ చార్జి మీద ఇన్నేళ్లు వాదోపవాదాలు జరిగాయి, అంతకన్నా చాలా ఎక్కువ మంది సర్వర్లను తాకిన ఈ మార్పు గురించి ఎవరూ మాట్లాడకపోవడం బాధాకరం.

ఇతర దేశాలు ఈ రెండో ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పాయి. అమెరికాలో బలవంతపు సర్వీస్ చార్జిని సమాఖ్య చట్టం టిప్పుగా చూడదు, అది యజమాని రాబడే. కానీ టిప్పుల జోలికి యజమానులు, మేనేజర్లు వెళ్లకూడదని 2018లో చట్టాన్ని సవరించారు. బ్రిటన్ ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడ 2023లో చేసిన టిప్పుల కేటాయింపు చట్టం 2024 అక్టోబరు 1 నుంచి అమలవుతోంది. అతిథి ఇష్టంతో ఇచ్చిన టిప్పయినా, బిల్లులో తప్పనిసరిగా కలిపిన సర్వీస్ చార్జి అయినా, యజమాని చేతిలోకి వచ్చిన మొత్తం పన్ను పోగా పూర్తిగా సిబ్బందికే చెందాలి. వచ్చిన నెల తర్వాతి నెలాఖరులోగా పంచాలి. ఎలా పంచుతారో రాతపూర్వకంగా ఉండాలి, మూడేళ్ల లెక్కలు భద్రపరచాలి, తన వాటా వివరాలు ఉద్యోగి అడిగితే ఇవ్వాలి. బలవంతపు వసూలు తప్పా ఒప్పా అన్న వాదనతో సంబంధం లేకుండా, సొమ్ము ఎవరిదన్నది ఆ చట్టం ముందే తేల్చేసింది. మన దేశంలో 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చినప్పుడు ఇలాంటి నిబంధన ఒకటి చేర్చడానికి మంచి అవకాశం ఉండింది. వేతనాల కోడ్‌లో టిప్పుల పంపకం గురించి గానీ, సర్వీస్ చార్జి పంపకం గురించి గానీ ప్రత్యేక నిబంధన ఏదీ లేదు.

వినియోగదారుడి సంగతి సర్వరు కన్నా చాలా నయం. బిల్లులో సర్వీస్ చార్జి కనపడితే తీసేయమని అడగవచ్చు. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు, అక్కడ తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు ఇచ్చినా విచారణ జరిపించే వీలు మార్గదర్శకాల్లో ఉంది. సరిహద్దు ప్రజలకు ఇంతకన్నా ఉపయోగపడే విషయం ఒకటుంది. పాత చట్టం ప్రకారం అవతలి పక్షం ఉన్న చోటో, వివాదం పుట్టిన చోటో కేసు వేయాల్సి వచ్చేది, కాబట్టి బరంపురంలో తిన్న ఇచ్ఛాపురం మనిషి వంద రూపాయల కోసం రాష్ట్రం దాటి తిరగలేక ఊరుకునేవాడు. 2019 చట్టం వినియోగదారుడు తాను నివసించే చోట గానీ, పని చేసే చోట గానీ జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేసుకోవచ్చని చెప్పింది. శ్రీకాకుళం జిల్లా మనిషి శ్రీకాకుళంలోనే వేయవచ్చు, అయిదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు. బిల్లు అసలు గానీ, ఫోనులో తీసిన ఫోటో గానీ ఉంచుకోవడం ఒక్కటే కావలసింది, ఎందుకంటే వేడికి నల్లబడే ఆ సన్న కాగితం మీది అచ్చు కొన్ని నెలల్లో చెరిగిపోతుంది.

అయితే సర్వీస్ చార్జి తీయించుకుని, చేతికి కూడా ఏమీ ఇవ్వకుండా వెళ్లిపోతే సర్వరుకు రెండు వైపులా నష్టమే. ఇష్టం ఉన్నవారు నగదు రూపంలో నేరుగా ఇస్తే దాని మీద జీఎస్‌టీ లేదు, మధ్యలో గల్లా పెట్టె లేదు, పాయింట్ల లెక్క లేదు. వంటగదికి కూడా ఇవ్వాలనుకునేవారు ఆ మాట చెప్పి ఇస్తే వడ్డించేవారు లోపలికి చేర్చడం ఈ హోటళ్లలో కొత్తేమీ కాదు.

సర్వరు వినియోగదారుడు కాడు కాబట్టి వినియోగదారుల కమిషన్ తలుపు తట్టలేడు. ఆంధ్ర వైపు నుంచి వచ్చి ఒడిశాలో పనిచేసేవాడైతే, ఆ పనికి ఒడిశా కార్మిక శాఖే దిక్కు. ఫిర్యాదు కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించుకోవాలి, విచారణకు రోజు కూలి పోగొట్టుకుని తిరగాలి. అంత చేసి వెళ్లినా, కనీస వేతనం తక్కువ ఇచ్చారనో, జీతం ఆపేశారనో అయితే అధికారి వింటాడు, సర్వీస్ చార్జిలో వాటా రాలేదంటే దానికి ఏ నిబంధన చూపించాలన్నది తేలదు. ప్రస్తుత చట్టాల్లో ఆయనకు మిగిలిన ఒక దారి నియామక పత్రం. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థ ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. ఆ పత్రంలో జీతం ఎంతో రాసిన చోటే, సర్వీస్ చార్జి వసూలు చేస్తే అందులో వాటా ఎంత, ఏ తేదీలోగా, ఏ లెక్క చూపించి ఇస్తారో ఒక్క వాక్యం ఉంటే అది ఉద్యోగ షరతు అవుతుంది. షరతు ఉల్లంఘించారని కార్మిక శాఖ ముందు నిలబడి అడగడానికి అప్పుడు చేతిలో ఒక కాగితం ఉంటుంది. రిసార్టుల్లో, పెద్ద రెస్టారెంట్లలో పనిలో చేరేవారు ఆ వాక్యం అడగడం, సీసీపీఏ గానీ రాష్ట్ర కార్మిక శాఖ గానీ సర్వీస్ చార్జి పేరు బిల్లు మీద వాడిన ప్రతి సంస్థనూ పంపకం పట్టీ చూపించమని అడగడం, ఈ రెండింటికీ కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు.